మావయ్య చొక్కా, ఆరు కలరా ఉండలు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా అమ్మాయి బీరువా తలుపులు బార్లా తెరిచి, నా చీరల మడతల్లో తెల్లటి ఉండలు సర్దుతోంది. కొత్త రకమట, గులాబీ వాసనట, ఒక పొట్లం కొంటే ఇంకోటి ఉచితమట. నేను చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోంచే అరిచాను. "తియ్యవే! ముందు వాటిని బయట పారెయ్!" అది హడలిపోయి, "ఏంటమ్మా, పామేదో కనబడ్డట్టు ఆ కేకలు?" అంది. పామైతే అంత కంగారు పడేదాన్ని కాదు. ముమ్మిడివరంలో మా పెరటి వెనక కాలవ, కాలవ గట్టంతా కొబ్బరిచెట్లు. పాములు మా ఇంటికి చుట్టాల్లా వచ్చి పోతూనే ఉంటాయి. కలరా ఉండలంటేనే నాకు వణుకు. ఆ వాసన తగిలితే చాలు, అయిదేళ్ళ కిందటి వేసవీ, అమలాపురంలో మావయ్య వాళ్ళ ఇల్లూ, నేను చేసిన వెధవ పనీ అన్నీ కలిసి మీద పడతాయి.

మావయ్యంటే మా అమ్మకి ఆఖరి తమ్ముడు. నాకన్నా నాలుగేళ్ళే పెద్ద, చిన్నప్పుడు ఇద్దరం జుట్లు పట్టుకుని కొట్టుకునేవాళ్ళం. బస్సు డిపోలో మెకానిక్కు. అత్తయ్యేమో ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. ఆవిడ ఎమ్మెస్సీ, ఈయన ఐటీఐ. ఆవిడ చర్చిలో పాటలు పాడే రోజుల్లో ఈయన అక్కడి హార్మోనియం బాగు చెయ్యడానికి వెళ్ళి, పాడైంది ఒక్క మెట్టే అయినా మూడు నెలలు బాగు చేస్తూనే ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. పిల్లలు లేరు. ఇంట్లో మూడో మనిషి మా అమ్మమ్మ. ఎనభై దాటి చాలా ఏళ్ళయింది, చూపు పూర్తిగా పోయింది, జ్ఞాపకం వస్తూ పోతూ ఉండేది. చెవులు మాత్రం పాముచెవులు, ముక్కు అంతకన్నా గట్టిది. పగలంతా కాసిని కొబ్బరినీళ్ళూ మజ్జిగా తప్ప ఏమీ ముట్టేది కాదు. సాయంత్రం మావయ్య డ్యూటీ దిగి, స్నానమైనా చెయ్యకుండా, ఆ ఖాకీ చొక్కాతోనే మంచం పక్కన స్టూలేసుకుని అన్నం కలిపి పెడితే మాత్రం బుద్ధిగా తినేది. ఆ ఒక్క పూటే ఆవిడకి తిండి.

అలాంటి మావయ్య ఒక జూన్ నెలలో, డిపోలో పని చేస్తూ చేస్తూ గుండె ఆగి పోయాడు. అత్తయ్య ఆ రోజు పరీక్ష పేపర్లు దిద్దడానికి కాకినాడ వెళ్ళింది. పొద్దున్న బస్సు తప్పిపోతుందని పరుగెత్తిందట, "వెళ్ళొస్తానండీ" అని కూడా అనలేదట. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. అమ్మమ్మకి చెబితే ఆ పూటంతా ఏడ్చి, మర్నాడు మామూలుగా "అబ్బాయి ఇంకా రాలేదేం?" అనేది. మళ్ళీ చెప్పడం, మళ్ళీ ఏడవడం. నాలుగైదు సార్లయ్యాక చెప్పడం మానేశారు.

మరుసటి మే నెలలో అత్తయ్యకి మళ్ళీ పేపర్లు దిద్దే పని పడింది, ఈసారి ఊళ్ళోనే. పగటి పూట అమ్మమ్మ దగ్గర ఒక మనిషి కావాలి. నేను అప్పటికి హిందీ టీచర్నే, వేసవి సెలవులు. సంచీ సర్దుకుని వెళ్ళాను. వెళ్ళిన సాయంత్రం వంటింట్లో టీ వడపోసుకుంటుంటే అమ్మమ్మ గదిలోంచి మాటలు వినిపించాయి. "ఏరా, ఇవాళ ఇంతాలస్యమైందేం? రాజోలు బండి మళ్ళీ దారిలో ఆగిపోయిందా?" ఎవరితోనా అని గ్లాసు పట్టుకునే తొంగి చూశాను. గదిలో లైటు వెయ్యలేదు, కిటికీలో ఇంకా కాస్త వెలుతురుంది. మంచం పక్కన స్టూలు మీద, నాకు వీపు పెట్టి, ఖాకీ చొక్కాతో మావయ్య కూర్చున్నాడు. మోచేతి మీద నల్లటి మరక, కాలరు వెనక చిరుగు, అన్నీ ఆయనవే. డీజిలూ, కొబ్బరినూనే, పొడుమూ, చెమటా కలిసిన ఆయన వాసన గుమ్మం దాకా వచ్చింది. గ్లాసు ఒరిగి వేడి టీ పాదం మీద ఒలికింది. కాలిన సంగతి కూడా నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు కనబడ్డాయి, స్టూలు కింద చీర కుచ్చెళ్ళు. ఆ మనిషి నెమ్మదిగా తల తిప్పి, అన్నం అంటిన వేలు పెదాల మీద పెట్టుకుని నాకేసి చూసింది. అత్తయ్య.

తర్వాత వరండాలో కూర్చుని చెప్పింది. మనిషి పోయాక చర్చి వాళ్ళు ఇంటికొచ్చి ప్రార్థన చేసే ఆదరణ కూడిక అయిన మర్నాడు మా ఇళ్ళల్లో పోయిన వాళ్ళ బట్టలన్నీ ఉతికి, మడతపెట్టి, లేనివాళ్ళకి ఇచ్చేస్తాం. చుట్టాలందరూ ఆ పని మీదుండగా ఉతకని బట్టల బుట్టలోంచి అత్తయ్య ఒక చొక్కా తీసి దాచేసింది. ఊరికే, దగ్గర ఉంచుకుందామని. అమ్మమ్మ అన్నం మానేసి మూడు రోజులయ్యాక, దిక్కుతోచక అది వేసుకుని పక్కన కూర్చుందట. ముసలావిడ గాలి పీల్చి, నోరు తెరిచిందట. అప్పట్నించీ పదకొండు నెలలుగా రోజూ సాయంత్రం అదే పని.

"ఇలా మోసం చెయ్యడం పాపం కదండీ అత్తయ్యా?" అన్నాను.

"ఆవిడ కడుపు నిండుతోంది కదే. ఆ లెక్క నేను దేవుడి దగ్గర చెప్పుకుంటాలే. నేనొక్క మాట కూడా మాట్లాడను. గొంతు వింటే తెలిసిపోతుంది."

ఆవిడ మాట్లాడకపోతే మరి అమ్మమ్మ మధ్య మధ్య "ఆహా", "అలాగన్నాడా వాడు?", "మంచి పని చేసేవు" అని ఎవరి మాటలకి జవాబు చెబుతోందో నాకు అర్థం కాలేదు.

ఇక నా ఘనకార్యం. నాకు చెయ్యి ఊరుకోదు. ఎవరింటికి వెళ్ళినా రెండో రోజుకి అటకలు దులిపేస్తాను. మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య పేపర్లు దిద్దడానికి వెళ్ళాక ఆ చొక్కా ఉన్న ట్రంకుపెట్టె తెరిచాను. మా కోనసీమ చెమ్మ సంగతి తెలిసిందే కదా, పెట్టెలో పెట్టిన బట్ట ఆరు నెలలకి బూజు పడుతుంది, లేకపోతే పురుగు కొడుతుంది. పాపం ఈ చొక్కా కూడా పాడైపోతే అమ్మమ్మ గతేం కాను అనుకుని, వీధి చివరి కొట్టుకి వెళ్ళి కలరా ఉండలు తెచ్చి, జేబులో రెండు, మడతల్లో నాలుగు పెట్టాను. ఉతకనందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ఆ మర్నాడు పెట్టె మళ్ళీ తెరిచి చూసి, చూశావా ఎంత బుద్ధిమంతురాలినో అనుకున్నాను. ఉండలు పెట్టిన సాయంత్రం అమ్మమ్మకి కడుపులో బాగోలేదని అన్నం పెట్టలేదు, అందుకని ఉండలు ఒక రాత్రీ ఒక పగలూ ఆ పెట్టెలోనే ఉన్నాయి.

రెండో సాయంత్రం అత్తయ్య పెట్టె తెరిచి అక్కడే కూలబడింది. నేను చెప్పేది వింటూనే చొక్కా దులిపి, కాసేపు పెరట్లో గాలికి పట్టుకుని, ఏమైతే అదైందని వేసుకుని కూర్చుంది. మొదటి ముద్ద నోటి దాకా వెళ్ళలేదు. అమ్మమ్మ ముక్కు ఎగబీల్చింది. చెయ్యి చాచి ఆ చొక్కా కాలరు తడిమింది, గుండీలు ఒక్కొక్కటే తడిమింది. ఆవిడ మొహంలో నేనెప్పుడూ చూడని భయం కనబడింది.

"చొక్కా మావాడిదే. లోపల ఎవరు?" అంది. అత్తయ్య ముద్ద కంచంలో వదిలేసింది. "మావాడేడీ? ఏం చేసేవు వాణ్ణి?"

పదకొండు నెలల విధవరాలు ఆ చొక్కాలోనే కూర్చుని ఆ ప్రశ్న విన్నది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. భూమి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

ఆ తర్వాత అమ్మమ్మ పెదవులు విప్పలేదు. ఎవరు దగ్గరికెళ్ళినా మొహం గోడ వైపు తిప్పేసుకునేది. రోజుకి రెండు మూడు చెంచాల కొబ్బరినీళ్ళు బలవంతాన పోసేవాళ్ళం. డాక్టరు గారు వచ్చి నాడి చూసి, "శనివారం దాకా చూద్దామండి. అప్పటికీ తినకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి. ఈ వయసులో అది తట్టుకుంటారని నేను చెప్పలేనండి," అని వెళ్ళిపోయారు. అది మంగళవారం.

నేను ఏడుస్తుంటే అత్తయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. క్లాసులో పిల్లకి చెప్పినట్టు చెప్పడం మొదలెట్టింది. "విను. ఏదైనా మరిగి గాలిలో కలవాలంటే దాని అణువులు ఒకదాన్నొకటి వదులుకోవాలి. నీళ్ళ అణువు ఎంత? చిన్నది. దానికన్నా ఎన్నో రెట్లు బరువైనవి దానికన్నా ముందే ఆవిరైపోతాయి. ఇది మాత్రం బాగా కాగితే గానీ కదలదు. ఎందుకంటే దానికి చేతులున్నాయి. పక్కదాని చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. డీజిలుకి చేతుల్లేవు గానీ ఒళ్ళు పొడుగు. పొడుగ్గా ఉన్నవి పక్కపక్కన ఒళ్ళంతా ఆనించుకుని పడుకుంటాయి, ఆ తాకిడే వాటికి పట్టు. అందుకే మీ మావయ్య చొక్కాకి డీజిలు మరక ఇన్నాళ్ళైనా పోలేదు. కలరా ఉండకి చేతుల్లేవు, పొడుగూ లేదు. బిళ్ళల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, అంతే. అందుకే అది కరక్కుండా, మరక్కుండా ఊరికే గాలిలోకి లేచిపోతుంది."

"మరి మావయ్యండీ?"

అత్తయ్య చొక్కా చేతిలోకి తీసుకుంది. "మనిషి చెమటలో ఉండే వాటికి చేతులున్నాయి. నూలుకీ ఉన్నాయి. ఆయన నూలు చెయ్యి పట్టుకుని ఉన్నారు. వేడిగా ఉన్న చోట ఆరబెడితే ముందు కలరా ఉండ పోవాలి. తర్వాతే ఆయన. ఆ రెండింటికీ మధ్య దొరికితే దొరికినట్టు."

మేడ మీద రేకుల గది ఉంది. చొక్కాని హ్యాంగరుకి తగిలించి, దూలానికి కట్టిన తాడుకి వేలాడదీసింది. రోహిణి కార్తె ఎండ, రేకులు చిటపటమంటూ ఉండేవి. గంటకోసారి నేను పైకెళ్ళి వాసన చూడాలి. ఆ నాలుగు రోజులు నేను ఎక్కిన ఆ పన్నెండు మెట్లు ఇప్పటికీ నా కాళ్ళకి గుర్తున్నాయి. గదిలో గాలి లేదు, ఫ్యాను లేదు, తలుపు మూసే ఉండేది. అయినా వెళ్ళినప్పుడల్లా ఆ చొక్కా కొంచెం తిరిగి ఉండేది. పొద్దున్న కిటికీ వైపుండేది, మధ్యాహ్నానికి గోడ వైపు, సాయంత్రానికి గుమ్మం వైపు. తాడు పురి విప్పుకుంటోందని అత్తయ్య అంది. అదే అయ్యుంటుంది. కానీ ఖాళీ చేతులు రెండూ కిందకి వేలాడేసి, తల లేకుండా, సరిగ్గా డ్యూటీ దిగే వేళకి గుమ్మం వైపు తిరిగి నిలబడితే ఎవరికైనా గుండె జారుతుంది. నేను గుమ్మంలోంచే ముక్కు చాచి, ఏసయ్యా ఏసయ్యా అనుకుంటూ దిగి వచ్చేసేదాన్ని.

శుక్రవారం సాయంత్రానికి కలరా ఉండల వాసన పూర్తిగా పోయింది. అత్తయ్య చొక్కాలో మొహం పెట్టి చాలాసేపు పీల్చింది. వేసుకుని, అన్నం కలుపుకుని వెళ్ళి కూర్చుంది. అమ్మమ్మ మొహం ఇటు తిరిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ముసలావిడ నీరసంగా రెండుసార్లు గాలి పీల్చి, చెవి రిక్కించి వింది.

"బస్సు వచ్చింది," అంది. ఇంకాసేపు ఆగింది. "వాడు దిగలేదు."

మళ్ళీ గోడ వైపు తిరిగిపోయింది.

అత్తయ్య వంటింట్లో కంచం దింపి, నిలబడే అంది. "రేకుల కింద వేడెక్కువైపోయిందే. చేతులున్నా సరే, అంత వేడికి పట్టు వదిలేస్తుంది. ఆయన కూడా ఆ ఉండలతో పాటే వెళ్ళిపోయేరు. డీజిలొక్కటే మిగిలింది. నా లెక్క తప్పింది." తప్పు నాదైతే ఆవిడ తన లెక్క అంటోంది. తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. గడియారంలో పెద్దముల్లు సగం తిరిగింది. వచ్చేసరికి చంకలో ఇంత పెద్ద గాజు జాడీ ఉంది, ల్యాబుల్లో ఉండే రకం, గాజు బిరడా చుట్టూ గ్రీజు పూసి ఉంది. లోపల చుట్ట చుట్టి ఇంకో ఖాకీ చొక్కా.

"ఆ రోజు బుట్టలోంచి రెండు తీసేను," అంది. "ఇది నాకని దాచుకున్నాను. ఒక్కసారి కూడా తియ్యలేదు. తీసిన ప్రతిసారీ కొంత పోతుంది కదా. వాసన వచ్చిందంటేనే ఆయన దాన్ని వదిలేసి వస్తున్నట్టు. అందుకని బయట్నించి చూసుకుని పెట్టేసేదాన్ని."

"వద్దండీ అత్తయ్యా," అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు. "గొట్టమే వేయిద్దాం. తప్పు నాదండీ, మీదెందుకు తీస్తారు?"

"ఆవిడకి ఆకలేస్తోందే," అంది అత్తయ్య.

బిరడా బిగుసుకుపోయి కిర్రుమంది. ఆ తర్వాత జరిగింది చెబితే మా అమ్మాయి నమ్మదు. వంటింట్లో మావయ్య ఉన్నాడు. జ్ఞాపకం రావడం కాదు, ఉన్నాడు. నా భుజం పక్కన, జుట్టుకి కొబ్బరినూనె దట్టంగా రాసుకుని, పొడుం పీల్చిన చెయ్యి చొక్కాకి తుడుచుకుంటూ. నేను పక్కకి జరిగి దారిచ్చాను. అత్తయ్య కూడా జరిగింది. ఆవిడింకా చొక్కా వేసుకోనైనా లేదు, లోపలి గదిలోంచి అమ్మమ్మ గొంతు వచ్చింది. నాలుగు రోజులుగా చెంచాడు నీళ్ళు తాగిన గొంతులా లేదు.

"వచ్చేవా నాన్నా? రా రా. అన్నం పెట్టించుకురా."

ఆ సాయంత్రం అమ్మమ్మ కంచం ఖాళీ చేసింది. ముద్ద ముద్దకీ కబుర్లే. మధ్యలో ఒక చోట ఆగి, చొక్కా చెయ్యి నిమురుతూ, "ఇన్నాళ్ళూ ఆ సీసాలో ఊపిరాడలేదేంట్రా నీకు?" అంది. నేనూ అత్తయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. జాడీ సంగతి ఆవిడకెవరూ చెప్పలేదు. నాకే అరగంట ముందు తెలిసింది. బిరడా కిర్రుమన్న చప్పుడు విని ఉంటుందని మర్నాడు అత్తయ్య అంది. పాముచెవులు కదా, విని ఉండొచ్చు. కానీ చప్పుడుకి సీసా అని తెలుస్తుంది గానీ, ఇన్నాళ్ళని ఎలా తెలుస్తుంది?

ఆ చొక్కా ఎనిమిది రోజులొచ్చింది. పగలంతా జాడీలో, సాయంత్రం అరగంట బయట. అయినా రోజు రోజుకీ పలచబడుతూనే ఉంది. ఎనిమిదో రోజున నేనెంత పీల్చినా ఏమీ తెలియలేదు. అత్తయ్య చొక్కాని బల్ల మీద పరిచి, ఇస్త్రీకి చల్లినట్టు నీళ్ళు చల్లడం మొదలెట్టింది. ఏం చేస్తున్నారండీ అంటే, "నూలుకి ఆయన మీద కన్నా నీళ్ళ మీద మోజెక్కువ. నీళ్ళు తగిలితే ఆయన చెయ్యి వదిలేసి వాటి చెయ్యి పట్టుకుంటుంది. ఇంకా ఏమైనా మిగిలుంటే మొత్తం ఒక్కసారే వచ్చేస్తుంది," అంది.

"తర్వాతండీ?"

"తర్వాత ఉండదు."

తడి చొక్కా జాకెట్టు మీద తొడుక్కుని వెళ్ళింది. నిజంగానే వచ్చాడు, మొదటి రోజంత గట్టిగా. అమ్మమ్మ తిన్నంతసేపూ తిని, నీళ్ళు తాగి, మూతి తుడిపించుకుంది. తర్వాత తడితడిగా ఉన్న ఆ చొక్కా చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లాణ్ణి బడికి పంపేటప్పటి గొంతుతో అంది:

"ఇంక వెళ్ళు నాన్నా. నాకోసం ఎన్నాళ్ళని ఇలా తిరుగుతావు? వెళ్ళేముందు దానికి చెప్పి వెళ్ళరా. ఆ రోజు చెప్పకుండా వెళ్ళిపోయేవని పిచ్చిది ఇంకా ఎదురు చూస్తోంది."

పదకొండు నెలలు ఆ స్టూలు మీద నోరు మెదపని అత్తయ్య బావురుమంది. గొంతు విని అమ్మమ్మ భయపడలేదు, ఎవరు నువ్వని అడగలేదు. ఆ తల దగ్గరికి లాక్కుని ఒళ్ళో పెట్టుకుని, "ఏడు తల్లీ, ఏడు," అంది. నేను తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.

మర్నాటి సాయంత్రం అత్తయ్య మామూలు చీరలో కంచం తీసుకుని వెళ్ళింది. "అబ్బాయి రాడుగా ఇంక," అంది అమ్మమ్మ. "రారండి," అంది అత్తయ్య. ముసలావిడ నోరు తెరిచింది. ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు అత్తయ్య చేతి ముద్దే తింది. పోయిన ఏడాది ఒకసారి అత్తయ్యని అడిగాను, అసలు మావయ్య మరుగు స్థానం ఎంతండీ అని, నవ్వించడానికే. నవ్వింది కూడా. "డిగ్రీల్లో చెప్పలేనే," అంది. ప్రతిదానికీ పట్టు వదిలేసే వేడి ఒకటి ఉంటుంది కాబోలు. మా ఇంట్లో ఒక మనిషి మీద పట్టు వదిలేసే ఆ వేడి రావడానికి పదకొండు నెలల పైన ఎనిమిది రోజులు పట్టింది.